గుడికి చందా ఇస్తే పన్ను తగ్గుతుందా? బయటి దేశాల్లో ఎలా?

హైదరాబాద్‌లో మీ కాలనీ గుడికిచ్చిన చందాకు పన్ను తగ్గుతుందా, జర్మనీలో జీతంలోంచే చర్చి పన్ను కోస్తారట నిజమా అని అడిగారు.

ముందు రసీదు చూడండి. 80జి (విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) నమోదు నంబరు లేకపోతే మినహాయింపు మర్చిపోవచ్చు. ఒక మతం కోసమే పెట్టిన ట్రస్టులకు సాధారణంగా ఆ నమోదు ఇవ్వరు. కేంద్రం గుర్తించిన ప్రసిద్ధ ఆలయాల మరమ్మతులకిచ్చే విరాళాలు మాత్రం వేరు. నగదుగా 2,000 రూపాయలు దాటినా కుదరదు. హుండీలో వేసినదానికి రసీదే ఉండదు. అసలు మన చిలుకూరు బాలాజీ గుడిలో హుండీనే లేదు!

గుడి ట్రస్టు నమోదై ఉండి, ఏటా ఆదాయంలో కనీసం 85 శాతం దాని ఉద్దేశాలకే ఖర్చు పెడితే పన్ను కట్టక్కర్లేదు. ఇంత వెసులుబాటు ఉన్నప్పుడు జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెట్టమని కమిటీని అడగడం మన హక్కనే నా గట్టి నమ్మకం.

జర్మనీ సంగతి నిజమే. క్యాథలిక్, ప్రొటెస్టెంట్ చర్చిల సభ్యుల నుంచి ప్రభుత్వమే వసూలు చేసి చర్చికిస్తుంది. అది జీతంలో కాదు, ఆదాయపు పన్నులో 9 శాతం. బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్‌లలో 8. ఆదాయపు పన్ను 10,000 యూరోలైతే చర్చికి మరో 900. ఇక్కడి నుంచి ఉద్యోగానికి వెళ్లే క్రైస్తవ మిత్రులు చిరునామా నమోదు ఫారంలో మతం గడి చూసే నింపాలి. తర్వాత వద్దనుకుంటే అక్కడి ప్రభుత్వ ఆఫీసుకెళ్లి సభ్యత్వం వదులుకుంటున్నట్టు రాసివ్వాల్సిందే.

ఇటలీలో ఆదాయపు పన్నులో 0.8 శాతం ఏ మతసంస్థకో, ప్రభుత్వానికో మీరే చెప్పొచ్చు. అమెరికాలో చర్చిలకు పన్ను లేదు, కానీ 1954 నుంచి ఎన్నికల్లో అభ్యర్థుల తరఫున ప్రచారం చేయకూడదనే షరతు ఉంది.