బ్యూరో పంపిన ‘సిస్టర్’తో క్యాన్సర్ పేషెంటును ఇంట్లో చూసుకోవడం కుదరడం లేదా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారికి గొంతు క్యాన్సర్, రేడియేషన్ అయిపోయింది. ముక్కులోంచి ఆహారం పోసే రైల్స్ ట్యూబ్ ఉంది, నొప్పికి మార్ఫిన్ మాత్రలు నడుస్తున్నాయి. గుంటూరులో ఇళ్లకు మనుషుల్ని పంపే ఒక బ్యూరో ద్వారా 24 గంటల సిస్టర్‌ని పెట్టుకున్నారు. నెల తిరక్కుండానే మనుషులు మారిపోయారు, నడుము కింద పుండు పడింది, రాత్రి ఆయన నొప్పితో మూలుగుతుంటే బ్యూరో వాళ్లు ఫోనెత్తలేదు. మేమే ఎక్కువ ఆశించామా అంటున్నారు.

లేదండీ. మీరు ఆశించింది న్యాయమే. ఆ పని చేయగల మనిషిని వాళ్లు పంపలేదు, ఆ సంగతి మీకు చెప్పనూ లేదు.

మన వైపు బ్యూరో నుంచి ఎవరొచ్చినా సిస్టర్ అనే పిలుస్తారు. జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరైనవాళ్లే స్టాఫ్ నర్సులు. మిగతా ఎక్కువమంది కేర్‌టేకర్లు. ఒళ్లు తుడవడం, డైపర్ మార్చడం, పక్కకు తిప్పడం వాళ్ల పని. పుండుకు డ్రెస్సింగ్, ట్యూబ్ మార్పు, ఇంజెక్షన్ వాళ్లవి కావు. అందుకే వచ్చిన రోజే రిజిస్ట్రేషన్ నంబరు, ఆధార్ కాపీ అడగండి. నంబరు లేదంటే ఆవిడ కేర్‌టేకరే, ఆ మేరకే పని చెప్పండి, ఆ మేరకే డబ్బు మాట్లాడండి. పగలు ఒక కేర్‌టేకర్, రాత్రికి వేరే మనిషి, వారానికి ఒకటి రెండుసార్లు స్టాఫ్ నర్సు విజిట్. మీ నాన్నగారి స్థితిలో ఉన్నవాళ్లకు ఈ ఏర్పాటు పేరుకు 24 గంటల సిస్టర్ కంటే చాలా నయం.

పుండు ఎందుకు పడిందో చూడండి. 2 గంటలకోసారి పక్క మార్చాలి. 24 గంటల డ్యూటీలో ఉన్న ఒక్క మనిషి రాత్రంతా ఆ పని చేయలేదు, నిద్రపోతుంది. తప్పు ఆవిడది కాదు, ఆ డ్యూటీ ఒప్పుకున్న బ్యూరోది. రాత్రికి మనిషి దొరకకపోతే ఇంట్లోవాళ్లు వంతులు వేసుకోవాలి. ఎయిర్ బెడ్ ఉంటే రాత్రి ఆ వ్యవధి ఎంత పెంచొచ్చో డాక్టరును అడగండి. పూర్తిగా పక్కకు దొర్లించక్కర్లేదు, వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలిస్తే చాలు. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టండి. ఎయిర్ బెడ్ మీద పల్చటి దుప్పటి ఒక్కటే వేయాలి. బొంత పరిస్తే గాలి పరుపు వల్ల లాభం ఉండదు. స్పిరిట్ రాసి పౌడరు వేసి రుద్దడం మన దగ్గర పాత అలవాటు, అది మాన్పించండి. ఎర్రబడిన చోట రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. వేలితో నొక్కి తీసినా ఎరుపు తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చర్మం చిట్లకముందే నర్సుకు చూపించండి.

ట్యూబ్ విషయంలో అసలు భయం పొలమారడం. తిండి ఊపిరితిత్తుల్లోకి వెళితే న్యుమోనియా వస్తుంది. ముక్కు దగ్గర ట్యూబ్ ఏ గీత మీద ఉందో రాసి పెట్టుకోండి. ప్రతిసారీ ముందు అది చూడాలి, గీత జరిగి ఉంటే ఏమీ పోయకూడదు. తలవైపు కనీసం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి, ముందు 30 మి.లీ. నీళ్లు, తర్వాత 200 మి.లీ. ఆహారం, చివర మళ్లీ 30 మి.లీ. నీళ్లు. 50 మి.లీ. సిరంజిలో పిస్టన్ తీసేసి, దానంతట అది దిగేలా 15-20 నిమిషాలు పట్టాలి. తొందర ఉన్నవాళ్లు పిస్టన్‌తో నెడతారు, వాంతి అక్కడే వస్తుంది. అయ్యాక ముప్పావుగంట పడుకోబెట్టకండి. రాగిజావ పల్చగా చేసి రెండుసార్లు వడకట్టండి, ట్యూబులు ఎక్కువగా మూసుకుపోయేది చిక్కటి జావతోనే. మే నెలలో పొద్దున చేసింది మధ్యాహ్నం దాకా బయట ఉంచొద్దు. ట్యూబ్ ఊడితే మీ నాన్నగారి గొంతులో గడ్డ ఉంది కాబట్టి ఇంట్లో ఎవరినీ మళ్లీ దూర్చనివ్వకండి. రక్తస్రావం అవుతుంది, దారి తప్పుతుంది. ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.

ఇక మార్ఫిన్. రాత్రి నొప్పికి ఎక్కువసార్లు కారణం డోసు తప్పిపోవడమే. మత్తుమందు అన్న భయంతో కొందరు కేర్‌టేకర్లు, ఒక్కోసారి మన బంధువులు కూడా, “మరీ ఓర్చుకోలేకపోతే ఇద్దాంలే” అని ఆపుతారు. మామూలు మార్ఫిన్ మాత్ర పనిచేసేది దాదాపు 4 గంటలు. నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి ఇవ్వాలి. రాత్రి 2 గంటలకు లేపకుండా ఉండటానికి పడుకునే ముందు డోసు రెట్టింపు రాసే పద్ధతి ఉంది. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇవ్వాల్సిన అదనపు డోసూ ఉంటుంది. ఈ రెండూ మీ చీటీలో ఉన్నాయో లేవో చూసుకోండి, లేకపోతే డాక్టరుతో రాయించుకోండి. సొంతంగా పెంచొద్దు. లేపినా లేవనంత మగత, ఊపిరి బాగా నెమ్మదించడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి. విరేచనం మందు రోజూ ఉండాల్సిందే. ఇంకో ముఖ్యమైన సంగతి: మాత్ర పేరు పక్కన ఎస్ఆర్ అని ఉంటే దాన్ని పొడి చేసి ట్యూబులో పోయకూడదు. 12 గంటలకు సరిపడే మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళ్తుంది, ప్రాణాపాయం. మామూలు మాత్రనైతే పొడి చేసి నీళ్లలో కలపొచ్చు.

ఈ మందు ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 2014లో మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) సవరించాక గుర్తింపు పొందిన ఆస్పత్రులకు కాస్త సులువైంది గానీ, పండగ సెలవుల్లో అయిపోతే వెతుక్కోవాలి. సంక్రాంతికీ దసరాకీ వారం ముందే తెచ్చి, లెక్కపెట్టి, తాళం వేసి ఉంచండి.

రాత్రి ఫోనెత్తే పని బ్యూరో మీద వదిలేయకండి. వైద్యం చేసిన ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టరున్నారా, రాత్రి ఏ నంబరుకు చేయాలి, ఇంటికొచ్చే టీం ఉందా అని సూటిగా అడగండి. అక్కడ లేదంటే గుంటూరు జనరల్ ఆస్పత్రి క్యాన్సర్ విభాగంలోనూ మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఇదే విచారించండి. ఒకవేళ కీమో మొదలుపెడితే, జ్వరం 100.4 దాటగానే డోలో వేసి చూద్దామని ఆగకుండా, అర్ధరాత్రైనా బయల్దేరాలి.

కొత్త బ్యూరోతో మాట్లాడేటప్పుడు నెల అడ్వాన్స్ ఇవ్వకండి, వారం వారం యూపీఐలో ఇవ్వండి. మనిషి మానేస్తే ఎన్ని గంటల్లో ఇంకొకరిని పంపుతారో, మిగిలిన డబ్బు ఎప్పుడు తిరిగిస్తారో వాట్సాప్‌లో రాయించుకోండి. మొదటి రోజే మీ కళ్లెదుట ఒకసారి ట్యూబులో పోయమనండి, ఒకసారి పక్కకు తిప్పమనండి. మనిషి మారినప్పుడు పాత ఆవిడ వెళ్లకముందే కొత్త ఆవిడ రావాలి. ఏ టైముకు ఏ డోసు, ఎంత ఆహారం, ఏ పక్కన పడుకోబెట్టారు, మూత్రం ఎంత అన్నది ఒక నోటుబుక్కులో ఉంటే మనిషి మారినా పని ఆగదు.

పాత బ్యూరో డబ్బు తిరిగివ్వకపోతే ముందు వాళ్లకే తేదీలతో రాతపూర్వకంగా పంపండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ఫిర్యాదు బ్యూరో మీదే పెట్టండి, వాళ్లు పంపిన ఆ అమ్మాయిల మీద కాదు. పుండు ఫొటోలు తేదీతో సహా, డబ్బు కట్టిన స్క్రీన్‌షాట్లు, ఆ రాత్రి ఎత్తని కాల్స్ లిస్టు ఇవాళే ఒకచోట దాచి పెట్టుకోండి.