అమ్మాయి పేరున ఇల్లు రాయించవచ్చా?

తమ్ముడూ, బొబ్బిలిలో ఉన్న మీ నాన్నగారు తమ ఇంటిని బైపోలార్ (ఉద్రేకం, దిగులు మారిమారి వచ్చే మానసిక) జబ్బు ఉన్న మీ అమ్మాయి పేరున వీలునామా రాస్తానంటున్నారనీ, రాయించవచ్చా అనీ అడిగారు. రాయించకండి. ఎందుకో చెప్పాలంటే, ఇరవై నాలుగేళ్లుగా అమెరికాలో ఉంటూ నేను చేసిన తెలివితక్కువ పనులు చెప్పాలి.

మా అబ్బాయిదీ ఇదే జబ్బు. పద్దెనిమిది నిండాక వాడికి ఎస్.ఎస్.ఐ. (ఆస్తి, ఆదాయం తక్కువున్న వికలాంగులకూ వృద్ధులకూ అమెరికా ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం), దానితోపాటు మెడికెయిడ్ (ప్రభుత్వ వైద్య సాయం) మంజూరయ్యాయి. నా తరువాత వాడి గతేమిటన్న బెంగతో, ఎవరినీ అడగకుండా, వాడి పేరున బ్యాంకులో తొమ్మిది వేల డాలర్లు వేశాను. ఎస్.ఎస్.ఐ. తీసుకునేవారి పేరున లెక్కలోకి వచ్చే సొమ్మూ ఆస్తీ 2,000 డాలర్లకు మించి ఉండకూడదన్న సంగతి, అంతవరకు ఇచ్చినదాంట్లో కొంత తిరిగి కట్టమని ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఈలోగా జబ్బు ఉద్రేకించిన ఒక రాత్రి వాడు ఆ డబ్బుతో నాలుగు గిటార్లు కొన్నాడు. రెండు ఇప్పటికీ మా గరాజులో అట్టపెట్టెలు విప్పకుండానే ఉన్నాయి.

ఆ దెబ్బతో లాయరును పట్టుకొని స్పెషల్ నీడ్స్ ట్రస్టు (సొమ్ము బిడ్డ ఆస్తి లెక్కలోకి రాకుండా, బిడ్డ అవసరాలకే వాడేలా పెట్టే ఏర్పాటు) రాయించాను. సొమ్ము మాది, ఖర్చుపెట్టే అధికారం ట్రస్టును నడిపే ట్రస్టీది. నగదు చేతికిస్తే ఎస్.ఎస్.ఐ.లో కోత పడుతుంది గనుక పళ్ల డాక్టరుకూ ఫోను బిల్లుకూ ట్రస్టీయే నేరుగా కడతారు. తల్లిదండ్రుల సొమ్ముతో పెట్టిన ట్రస్టులో బిడ్డ తదనంతరం మిగిలినది మెడికెయిడ్‌కు కట్టనక్కరలేదు. బిడ్డ సొంత సొమ్ముతో పెడితే కట్టాలి. ఇంత చేసీ 401కే (ఉద్యోగుల రిటైర్మెంటు పొదుపు ఖాతా) నామినీ ఫారంలో ట్రస్టుకు బదులు వాడి పేరే వదిలేశాను. వీలునామాలో ఏం రాసుకున్నా చెల్లేది ఆ ఫారమే. మూడేళ్ల తరువాత మా ఆవిడ కనిపెట్టింది. ఇక మీ విషయానికొస్తే, గ్రీన్ కార్డుతో (అమెరికాలో శాశ్వత నివాస అనుమతితో) కొత్తగా వచ్చినవారికి ఎస్.ఎస్.ఐ. ఎప్పుడు వర్తిస్తుందో అధికారిక సైట్లో చూసుకోగలరు, చదువుకున్నవారే కదా.

ఇక మా అమ్మ. పలాస దగ్గర రెండెకరాల జీడితోటను మనవడి పేరున వీలునామా రాసి, మురిసిపోతూ ఫోను చేసింది. అదీ వాడి ఆస్తి లెక్కలోకే వస్తుందని లాయరు అన్నాడు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టి చెప్పబోతే, "గుంటడి నోటికాడ కూడు లాక్కుంటావేటిరా?" అంది. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోనాడు ఇద్దరు సాక్షుల ఎదుట నా పేరున తిరగరాసి, తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు కూడా చేయించింది. రేపు ఆ తోట అమ్మితే, పన్ను కట్టాక, ఎన్.ఆర్.ఓ. ఖాతా (విదేశాల్లో ఉండేవారికి ఇండియా బ్యాంకులో ఉండే రూపాయల ఖాతా) నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల వరకు తెచ్చుకుని ట్రస్టులో వేయవచ్చు.

మీ నాన్నగారూ నొచ్చుకుంటారు. అయినా ఇల్లు మీ పేరునే రాయించి, ఇక్కడి మీ ఆస్తి ట్రస్టుకు చేరేలా మీ వీలునామానూ, బీమా, 401కే ఫారాలనూ ఈ నెలలోనే సరిచూసుకోండి.