రెండు ఐవీఎఫ్‌లు ఫెయిలయ్యాక ఆక్యుపంక్చర్, ఆయుర్వేదం: ఏది చేయించుకోవచ్చు, ఏది వద్దు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వయసు 34. రెండుసార్లు ఐవీఎఫ్ (ల్యాబులో పిండం తయారుచేసే చికిత్స) అయింది, మొదటిసారి ఫ్రెష్ ట్రాన్స్‌ఫర్ (అప్పుడే తయారైన పిండాన్ని గర్భాశయంలో పెట్టడం), రెండోసారి ఫ్రోజెన్ (గడ్డకట్టించి దాచిన పిండం), రెండూ నిలవలేదు. మూడోదానికి ముందు డాక్టరు మూడు నెలలు ఆగమన్నారు. ఈలోపు ఆక్యుపంక్చర్ చేయించుకోనా, అత్తగారు చెబుతున్న నాటు మందు వాడనా, రెండూ కలిపి చేయొచ్చా అని.

ఆక్యుపంక్చర్ చేయించుకోవచ్చు. నేర్చుకున్న చేతుల్లో అయితే హాని చాలా తక్కువ. కానీ సూదులు వేయించుకుంటే పిండం అతుక్కుంటుందన్న నమ్మకంతో డబ్బు కట్టకండి. రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం, ఇంజెక్షన్ల రోజుల్లో మెడా భుజాలూ బిగుసుకుపోవడం, ఫోన్ మోగితే గుండె దడ, వీటి నుంచి కాస్త ఊరట కోసం వెళ్లండి. పేరు లేని పొట్లాల నాటు మందు మాత్రం వద్దే వద్దు.

ఆక్యుపంక్చర్‌తో సక్సెస్ రేటు పెరుగుతుందనే ప్రచారానికి మూలం 2002లో వెలువడిన, జర్మనీలో 160 మంది మీద జరిగిన అధ్యయనం. ట్రాన్స్‌ఫర్‌కి ముందు 25 నిమిషాలు, తర్వాత 25 నిమిషాలు సూదులు పెట్టిన 80 మందిలో 42.5 శాతం మందికి గర్భం వచ్చింది. పెట్టని 80 మందిలో 26.3 శాతం. ఆ అంకెలు చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే రెండో గుంపు వాళ్లు ఊరికే పడుకుని ఉన్నారు, వాళ్లకు ఉత్తుత్తి సూది కూడా పెట్టలేదు. పైగా అక్కడ లెక్కపెట్టింది గర్భాలని, కాన్పులని కాదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 848 మందితో ఇంకా పకడ్బందీగా చేసిన పరీక్ష 2018లో వెలువడింది. సగం మందికి నిజం సూదులు, సగం మందికి చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూదులు. బిడ్డ చేతికొచ్చింది నిజం సూదుల గుంపులో 18.3 శాతం మందికి, ఉత్తుత్తి గుంపులో 17.8 శాతం మందికి. తేడా లేనట్టే. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ల సంగతీ అంతే: చైనాలో 1,000 మందితో చేసి 2017లో వెలువరించిన పరీక్షలో సూదుల వల్ల కాన్పులు పెరగలేదు (నిజం సూదుల గుంపులో 21.8, ఉత్తుత్తి గుంపులో 22.4 శాతం). అదే పరీక్షలో అండం విడుదలకు ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర వాడినవాళ్లలో 28.7 శాతం మందికి, డమ్మీ మాత్ర వాడినవాళ్లలో 15.4 శాతం మందికి కాన్పయింది. అక్కడ పనిచేసింది మాత్ర.

“గర్భాశయానికి రక్తప్రసరణ పెంచుతాం” అనే మాట కూడా మీకు తప్పకుండా వినిపిస్తుంది. దాని వెనక ఉన్నది 1996లో వెలువడిన, స్వీడన్‌లో 10 మందికి వారానికి రెండుసార్ల చొప్పున నాలుగు వారాలు కరెంటు సూదులు (సన్నగా కరెంటు పంపే సూదులు) పెట్టి చూసిన చిన్న అధ్యయనం. రక్తనాళాల్లో రక్తప్రవాహానికి ఎదురయ్యే అడ్డు తగ్గింది నిజమే. కానీ పోల్చి చూడడానికి రెండో గుంపే లేదు.

ఇంకో మాట. “నువ్వు టెన్షన్ పడబట్టే నిలవలేదు” అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. 14 అధ్యయనాల్లోని 3,583 మంది వివరాలు కలిపి 2011లో చూశారు. చికిత్సకు ముందు దిగులు, ఆందోళన ఎక్కువున్నంత మాత్రాన ఫలితం చెడలేదు. మీరు ఏడ్చినందుకు పిండం పోలేదు. మనసు కుదుటపడడం మీ హక్కు కాబట్టి దానికోసం ఏదైనా చేయండి, అపరాధభావంతో కాదు.

ఈ మూడు నెలల్లో మొదటి పని మాత్రం ఫైలు. రెండు సైకిళ్ల డిశ్చార్జ్ సమ్మరీలు, ఎంబ్రియాలజీ షీట్ (పిండాల వివరాల కాగితం) అడిగి తీసుకోండి, అడిగితే ఇవ్వాలి. ఎన్ని ఎగ్స్ వచ్చాయి, ఎన్ని పక్వానికొచ్చాయి, ఎన్ని ఫలదీకరణ చెందాయి, ఐదో రోజుకి ఎన్ని బ్లాస్టోసిస్ట్ (ఐదు రోజుల పిండం) అయ్యాయి, ఏ గ్రేడు, ట్రాన్స్‌ఫర్ నాటికి లైనింగ్ (గర్భాశయం లోపలి పొర) ఎన్ని మిల్లీమీటర్లు అన్నవి అందులో ఉంటాయి. మంచి గ్రేడు పిండం పెట్టినా నిలవకపోతే చూడాల్సినవి వేరు: హిస్టెరోస్కోపీలో (గర్భాశయం లోపల కెమెరాతో చూడడం) పాలిప్ (చిన్న కండ) గానీ అడ్డుపొర గానీ ఉందా, ట్యూబుల్లో నీరు చేరిందా, థైరాయిడ్ అదుపులో ఉందా. గర్భస్రావాలు కూడా అయి ఉంటే యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు (రక్తం గడ్డకట్టే ధోరణికి చేసేవి) చేయించారా. ట్యూబులో చేరిన నీరు గర్భాశయంలోకి జారితే ఐవీఎఫ్ ఫలించే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది. ఆ ట్యూబుని తీసేయడమో క్లిప్ వేయడమో చేశాకే ట్రాన్స్‌ఫర్ చేయాలి. మన దేశంలో గర్భాశయ టీబీని కూడా మర్చిపోకూడదు. వీటిలో ఏ ఒక్కటీ సూదితోనో కషాయంతోనో పోయేది కాదు. కారణం ఫైల్లో కూర్చుని ఉంటే మనం బయట వెతుకుతూ నెలలు పోగొట్టుకుంటాం, అదే బాధ.

ఇక ఆక్యుపంక్చర్‌కి వెళ్తే. మన దేశంలో 2019లో కేంద్ర ఆరోగ్య శాఖ దీన్ని ప్రత్యేక చికిత్సా విధానంగా గుర్తించింది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్రల్లో దీనికి విడిగా చట్టాలున్నాయి. అయినా బోర్డు మీద పేరుంటే చాలనుకోకండి. ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నేళ్ల కోర్సు, ఐవీఎఫ్‌లో ఉన్నవాళ్లకి ఇంతకుముందు చేశారా అని మొహమాటం లేకుండా అడగండి. “మందులన్నీ ఆపేసి నా దగ్గరికి రండి” అన్న మరుక్షణం లేచి వచ్చేయండి. ఇరవై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టొద్దు, నాలుగు సిట్టింగులు చూసి నిర్ణయించుకోండి.

సూది వెంట్రుకకి రెండు మూడింతలు లావు, మందం 0.20 నుంచి 0.25 మిల్లీమీటర్లు. సీలు వేసిన ప్యాకెట్‌ని మీ కళ్ల ముందే చించాలి. దాని మీద స్టెరిలైజ్ చేసినట్టు ముద్ర, గడువు తేదీ ఉండాలి, వాడాక పసుపు డబ్బాలో కాకుండా సూదుల గట్టి డబ్బాలో పడేయాలి. సూది దిగేటప్పుడు దోమ కుట్టినట్టు, తర్వాత ఆ చోట బరువుగా, లాగుతున్నట్టు, తిమ్మిరిగా ఉంటుంది, అది మామూలే. కరెంటు షాక్ కొట్టినట్టు చుర్రుమంటే వెంటనే చెప్పండి, నరానికి తగిలిందన్నమాట. 20 నుంచి 30 నిమిషాలు పడుకోబెడతారు. సాధారణంగా వాడే చోట్లలో ఒకటి మణికట్టు మడతకి మూడు వేళ్ల పైన రెండు నరాల్లా కనిపించే స్నాయువుల మధ్య, ఇంకొకటి లోపలి చీలమండ ఎముకకి నాలుగు వేళ్ల పైన కాలి ఎముక వెనక. ఖాళీ కడుపుతో వెళ్లకండి. చాలామంది కళ్లు తిరిగి పడిపోయేది ఇందుకే. రెండు గంటల ముందు ఇడ్లీయో ఉప్మాయో తిని వెళ్లండి. భుజం మీద, ఛాతీ, వీపు పైభాగంలో లోతుగా సూది వేయనివ్వకండి. అక్కడ ఊపిరితిత్తికి చిల్లుపడే ప్రమాదం ఉంది. సిట్టింగ్ తర్వాత ఊపిరి తీస్తే పొడిచినట్టుంటే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.

హెపారిన్ రకం ఇంజెక్షన్లు గానీ యాస్పిరిన్ గానీ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి) వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి. సూదుల కోసం వాటిని ఆపొద్దు. సూది తీశాక దూదితో రెండు నిమిషాలు గట్టిగా నొక్కిపట్టాలి, లేకపోతే కమిలిపోతుంది.

ఏ నెలలో ఏది అన్నది ముఖ్యం. గ్యాప్ నెలల్లో వారానికి ఒకసారి చాలు. ఎగ్స్ పెంచే ఇంజెక్షన్లు మొదలయ్యాక పొత్తికడుపు మీద లోతు సూదులు, కప్పింగ్ (చర్మాన్ని కప్పులతో పీల్చడం), కడుపు మసాజ్ అన్నీ బంద్. అండాశయాలు మామూలు కంటే బాగా పెరిగి ఉంటాయి, మెలిపడే ప్రమాదం ఉంది. ట్రాన్స్‌ఫర్ రోజున చేయించుకోవాలనిపిస్తే చేయించుకోండి, కానీ నగరంలో ఆ మూలనుంచి ఈ మూలకి ట్రాఫిక్‌లో పరుగులు పెట్టాల్సొస్తే మానేయండి. పాజిటివ్ వస్తే ఆక్యుపంక్చరిస్టుకి వెంటనే చెప్పాలి. చీలమండ పైన చెప్పిన చోటు, బొటనవేలు చూపుడువేలు మధ్య చోటు, నడుం కింది చోట్లు గర్భంలో వద్దని వాళ్ల సంప్రదాయమే చెబుతుంది.

ఆయుర్వేదం విషయంలో అసలు చిక్కు రెండు వైద్యాలు ఒకదానికొకటి తెలియకుండా నడవడం. అశ్వగంధ కొందరిలో థైరాయిడ్ హార్మోన్లని పెంచుతుంది, కాలేయం మీదా పడొచ్చు, గర్భంలో వద్దంటారు. అతిమధురం ఎక్కువైతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. భస్మాలు, రసౌషధాలు (లోహాలు కలిపి చేసేవి) అసలే వద్దు: 2008లో వెలువడిన అధ్యయనంలో ఆన్‌లైన్‌లో కొన్న 193 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒకదాంట్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఏదో ఒకటి బయటపడింది. సీసం తల్లి ఒంట్లోంచి బిడ్డకి వెళ్తుంది. ఉత్తరవస్తి, అంటే గర్భాశయంలోకి నూనె ఎక్కించడం, ట్యూబులో నీరున్నవాళ్లకి ఇన్‌ఫెక్షన్ తెచ్చిపెట్టే పని. ఐవీఎఫ్ సైకిల్‌లో ఎవరికీ వద్దు. నిజంగా ఆయుర్వేదం వాడాలనుకుంటే బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదివిన వైద్యుల దగ్గర, సీసా మీద పదార్థాల పేర్లున్న మందు, మొదటి ఇంజెక్షన్‌కి కనీసం నెల ముందు ఆపేసేలా, ఐవీఎఫ్ డాక్టరుకి రాసిచ్చి వాడండి. అత్తగారిని నొప్పించకుండా చెప్పాలంటే, “డాక్టరు గారు ఇంజెక్షన్లు అయ్యేదాకా వేరే మందు వద్దన్నారు అత్తయ్యా” అంటే సరిపోతుంది, అది అబద్ధం కూడా కాదు.

మెడికల్ షాపు మాత్రల్లో అందరూ మర్చిపోయేది బయోటిన్. జుట్టు రాలకుండా వాడే మాత్రల్లో ఇది 5, 10 మిల్లీగ్రాములు ఉంటుంది. కొన్ని ల్యాబుల పద్ధతిలో ఇది రక్తపరీక్షనే తప్పుదారి పట్టిస్తుంది: హెచ్‌సీజీ (గర్భాన్ని చెప్పే హార్మోను), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఉన్నదానికంటే తక్కువగా, ఎస్ట్రడయోల్, ప్రొజెస్టెరాన్ అనే ఆడ హార్మోన్లని ఎక్కువగా చూపిస్తుంది. నిజంగా గర్భం వచ్చినా నంబరు తక్కువ పడొచ్చన్నమాట. అందుకే హార్మోన్ పరీక్షలకి కనీసం మూడు రోజుల ముందు ఆపండి, ల్యాబు వాళ్లకీ చెప్పండి. ఫోలిక్ యాసిడ్ రోజుకి 400 మైక్రోగ్రాములు మానకండి, మీ డాక్టరు 5 మిల్లీగ్రాములు రాసి ఉంటే అదే. కోఎంజైమ్ క్యూ10 వల్ల ఎగ్స్ కొంచెం పెరగొచ్చని చిన్న అధ్యయనాలున్నాయి, కాన్పులు పెరుగుతాయన్న గట్టి రుజువు లేదు. ఖర్చు భరించగలిగితే డాక్టరుని అడిగి వాడండి, అప్పు చేసి మాత్రం కాదు.

మీవారికీ ఈ మూడు నెలలు లెక్కే. వీర్యకణం తయారవ్వడానికి సుమారు 74 రోజులు పడుతుంది. సిగరెట్, గుట్కా, ఒళ్లో ల్యాప్‌టాప్, వేడి టబ్బు స్నానాలు ఇప్పుడే ఆపితే మూడో సైకిల్‌కి ఫలితం అందుతుంది. జింక్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మగవాళ్లకి అందరూ రాస్తారు గానీ, 2020లో వెలువడిన 2,370 జంటల పరీక్షలో వాటివల్ల కాన్పులు పెరగలేదు.

యోగా చేయండి, నిద్రకి మేలు. ఇంజెక్షన్లు మొదలైన దగ్గర్నుంచి కపాలభాతి, మెలితిప్పే ఆసనాలు, తలకిందుల ఆసనాలు వద్దు, శవాసనం, నెమ్మది ప్రాణాయామం, నడక చాలు. ఎగ్స్ తీశాక కడుపు ఉబ్బి రోజుకి కిలో చొప్పున బరువు పెరుగుతుంటే, మూత్రం తగ్గితే, ఆయాసమొస్తే అది గ్యాస్ కాదు. వాము నీళ్లు, మసాజ్ అంటూ ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి ఫోన్ చేయండి.

ట్రాన్స్‌ఫర్ తర్వాత ఎర్రగా కాస్త కనిపించగానే అయిపోయిందనుకుని ప్రొజెస్టెరాన్ మందు ఆపేసేవాళ్లున్నారు. ఆపొద్దు. డాక్టరు చెప్పిన తేదీకి, మామూలుగా 10 నుంచి 14 రోజులకి, రక్తంలో హెచ్‌సీజీ చూసి వాళ్లు ఆపమన్నాకే ఆపండి. హెచ్‌సీజీ పాజిటివ్ వచ్చాక గానీ, తేలేలోపు గానీ కడుపులో ఒక పక్కనే తీవ్రమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే పిండం ట్యూబులో పెరుగుతోందేమో చూడాలి. అప్పుడు ఆక్యుపంక్చర్ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసి నేరుగా స్కానింగ్‌కి వెళ్లండి.