పాత వంటింటి పొయ్యిగూడు మళ్లీ తెరవాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామ ఆశీస్సులు.

గిరింపేట ఇంట్లో గ్యాస్ వచ్చాక ఇటుకలతో మూసేసిన మీ అవ్వ పొయ్యిగూడును మళ్లీ తెరుస్తున్నావని తెలిసి చాలా సంతోషమైంది. మేస్త్రిని పిలవకముందే నువ్వు తెలుసుకోవాల్సినవి రాస్తున్నా.

ముందు మిద్దె ఎక్కు నాయనా. ఈ పని పైనుంచి మొదలవ్వాలి. వాన పడకుండా పొగగొట్టం నెత్తిన బండ వేసి సిమెంటుతో మూసి ఉంటారు. అది తీయించి, తాడుకు బరువు కట్టి లోపలికి వదులు. మధ్యలో ఆగిందంటే పావురాల గూడో, రాలిన ఇటుకలో అడ్డం ఉన్నట్టు. కింద గూడు మూసి ఉండగానే మసి దులిపించు, ఇల్లంతా ఎగరదు. పొడిమసి సులువుగా రాలుతుంది. నల్లగా నిగనిగలాడుతూ గోడకు అంటుకున్నది మాత్రం తారు. దానికి నిప్పంటుకుంటే గొట్టమే మండుతుంది. గీకించకుండా పొయ్యి వెలిగించొద్దు.

కింద మూసిన ఇటుకలు ఏవో, పాత గోడ ఏదో మేకుతో తెలుసుకోవచ్చు. ఇటుకల సందులో గీస్తే తెల్లగా పొడి రాలితే సున్నం, అంటే పాత గోడ. గట్టిగా ఉండి బూడిదరంగు గీత పడితే సిమెంటు, అంటే తర్వాత మూసింది. సిమెంటు కట్టుబడి వరకే తీయించు, పక్కకు ఒక్క ఇటుక కూడా వద్దు. గూడు పైన రాతిబండో, ఇటుక కమానో ఉండాలి. బండ రెండు వైపులా గోడలోకి కనీసం 6 అంగుళాలు కూర్చుని ఉండాలి. పగులు కనిపిస్తే సరుగుడు కర్రలు నిలబెట్టి, చెక్క చీలికలు బిగించాకే చెయ్యి వేయించు. బండా కమానూ రెండూ కనబడకపోతే పని ఆపి ఇంజనీరుకు చూపించు. ఇటుకలు పై వరస నుంచి ఒక్కొక్కటి ఉలితో తీయాలి. బ్రేకర్ మిషన్ పెట్టనివ్వొద్దు. ఆ అదురుకు పాత సున్నం సందులన్నీ వదులవుతాయి.

ఇక సిమెంటు సంగతి. "రెండు బస్తాలు తెప్పించండి, ఒక్క రోజులో అయిపోతుంది" అని మేస్త్రి అంటాడు. ఒప్పుకోవద్దు. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ తేమ లోపలే ఉండిపోతుంది, మసిలోని ఉప్పు దాన్ని ఇంకా లాగుతుంది, ఏడాది తిరక్కుండా గోధుమరంగు మరకలు తేలతాయి. గోడ పనికి నానబెట్టిన సున్నపు ముద్ద ఒక పాలు, జల్లించిన ఇసుక మూడు పాళ్లు. సున్నం నెల రోజులైనా నీళ్లలో నానాలి. సున్నం తడిపేటప్పుడు నీళ్లలోకి సున్నం వెయ్యాలి గానీ, సున్నం మీద నీళ్లు పొయ్యకూడదు. కుతకుతలాడి మొహం మీదికి చిందుతుంది, కళ్లు పోతాయి. కరక్కాయ, బెల్లం నానేసిన నీళ్లు పైపూతలో కలపొచ్చు.

మంట తగిలే లోపలి గోడకు సున్నమూ వద్దు, సిమెంటూ వద్దు. వేడికి సిమెంటులో నీరు ఎగిరిపోయి అది పిండిగా రాలుతుంది. అక్కడ మంటకు తట్టుకునే ఫైర్ ఇటుకలు, వాటి మధ్య పెట్టడానికి ఫైర్ క్లే అనే వేడికి ఆగే మట్టి వాడించు. ఇటుకల మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటకూడదు. మందంగా పెడితే ముందు అదే పగులుతుంది.

పొగ ఇంట్లోకి తిరిగి రావడానికి ఎక్కువగా కొలతలే కారణం. గూడు నోటి వైశాల్యంలో కనీసం పదోవంతు గొట్టం లోపలి వైశాల్యం ఉండాలి. నోరు 36 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల ఎత్తు అయితే 1080 చదరపు అంగుళాలు. దానికి 9 బై 12 గొట్టం సరిపోతుంది. నీ గొట్టం ఇంకా సన్నగా ఉంటే దాన్ని కొట్టొద్దు, నోటి పైభాగంలో రెండు వరసలు ఇటుక దించి నోరు చిన్నది చేయించు. పైన గొట్టం మిద్దె కన్నా 3 అడుగులు, 10 అడుగుల లోపు ఉన్న గోడ, ట్యాంకు కన్నా 2 అడుగులు ఎత్తు ఉండాలి. అక్కడ నీళ్ల ట్యాంకు ఎక్కడుందో చూసుకో. గొట్టం గోడకూ మిద్దె టేకు దూలాలకూ మధ్య 2 అంగుళాల సందైనా ఉందా అన్నది కూడా తప్పకుండా చూడు.

గ్యాస్ సిలిండర్ ఆ గదిలో ఉండకూడదు. కారిన గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పొయ్యి దగ్గరికే వస్తుంది. పొయ్యి వెలిగినంతసేపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యొద్దు, అది పొగను వెనక్కి లాగుతుంది. కిటికీ మాత్రం తెరిచి ఉంచు.

పని జనవరి చివర్లో పెట్టుకో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వాన, మే ఎండకు సున్నం గట్టిపడకముందే ఎండి బీటలిస్తుంది. తడి గోనెపట్టాలు కప్పి వారం రోజులు తేమగా ఉంచండి, ఆ తర్వాత నెల వరకూ నిప్పు పెట్టొద్దు. మొదటి మూడు రోజులు గుప్పెడు పుల్లలు, తర్వాత వారం చిన్న మంట, ఆపైనే పెద్ద కట్టెలు. ఒక ఏడాది నీడన ఆరిన మామిడి, తుమ్మ కట్టెలే తెచ్చుకో, పచ్చికట్టె తారు కడుతుంది. వెలిగించే ముందు మండే కాగితం ఒకటి గొట్టం మొదట్లో పట్టుకో. మంట పైకి లాగితేనే కట్టె పెట్టు.