నాలుగేళ్ల పాపకు కెరీర్ ప్రణాళికా?

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. దగ్గరలో ఒక చిన్న స్వతంత్ర పాఠశాల ఉంది. ‘ఆసక్తి, స్వేచ్ఛ, కరుణ, సహనం మా విలువలు’ అని గోడ మీద రాసుకున్నారు. పిల్లలే తమ పని ఎంచుకుని, వస్తువులతో చేసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతి అంటున్నారు. పరీక్షలు లేవు, హోంవర్క్ లేదు. మరో పెద్ద పాఠశాలలో ఈ వయసు నుంచే చదవడం, రాయడం, లెక్కలతో పాటు కోడింగ్ కూడా నేర్పుతారట. మావారికి అదే నచ్చింది. మొదటిదానిలో చేర్పిస్తే పాప రేపు పోటీలో వెనకబడుతుందేమోనని నా భయం. రెండింటినీ పోల్చి, మంచి కెరీర్‌కు ఏది మేలో చెప్పండి. శుక్రవారంలోగా సీటు ఖాయం చేసుకోవాలి.
– ఒక తల్లి

జవాబు: ‘వెనకబడుతుందేమో’ అన్న మాట కెరీర్ సలహాలిచ్చే నాకు కొత్త కాదు. ఒకప్పుడు పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు అడిగేవారు. ఆ తరవాత ఆరో తరగతి వాళ్లు మొదలుపెట్టారు. ఇప్పుడు పాలపళ్లు కూడా ఊడని పిల్లల గురించి అడుగుతున్నారు. మీ పాప ఉద్యోగానికి వెళ్లే నాటికి ఏ ఉద్యోగాలు మిగిలి ఉంటాయో ఎవరూ చెప్పలేరు. చెప్పగలమన్నట్టు ప్రకటనలు వేసుకోవడం మాత్రం కొన్ని బడులకు బాగా వచ్చు.

నిజానికి మీరు అడుగుతున్నది కెరీర్ గురించి కాదనిపిస్తోంది. ఇంట్లో మీకొకటి, ఆయనకొకటి నచ్చాయి. రేపు ఏదైనా తేడా వస్తే ‘నువ్వు పట్టుబట్టడం వల్లే’ అన్న మాట పడాల్సి వస్తుందేమోనని మీ బెంగ. ముందు ఆ బరువు దించుకోండి. నాలుగేళ్ల వయసులో బడి ఎంపికలో జరిగే పొరపాటు దిద్దుకోలేనిది కాదు. పాప రోజూ ఏడుస్తుంటే మార్చవచ్చు. ఈ వయసులో బడి మారినంత మాత్రాన ఏ పిల్లా చదువుకు దూరమైపోదు.

చదవడం ముందే మొదలుపెడితే ముందుంటారన్నది కూడా అంత గట్టి మాట కాదు. న్యూజిలాండ్‌లో అయిదేళ్లకు చదవడం నేర్పిన పిల్లలను, ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లలను పోల్చి చూసిన పరిశోధన 2013లో వచ్చింది. పదకొండేళ్లు వచ్చేసరికి రెండో జట్టు మొదటి జట్టును అందుకుంది. ఫిన్‌లాండ్‌లో అసలు ఒకటో తరగతి మొదలయ్యేదే ఏడేళ్లకు. నోకియా ఫోన్లు చేసి ప్రపంచమంతా అమ్మింది ఆ దేశమే.

కోడింగ్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. నాలుగేళ్ల బిడ్డకు కోడింగ్ పేరుతో చూపించేది తెర మీద బాణం గుర్తులను వరసలో పెట్టడం. చెక్క ముక్కలతో వంతెన కట్టినా అదే బుద్ధి పదునెక్కుతుంది, పైగా వంతెన కూలినప్పుడు ఎందుకు కూలిందో చేతికే తెలుస్తుంది.

ఇంతమాత్రాన మొదటి బడికి నా ఓటు పడిందని అనుకోకండి. ఈ మధ్య నాకు ఎక్కువ అనుమానం కలిగిస్తున్నది అలాంటి బడులే. మాంటిస్సోరి అన్న పేరు బోర్డు మీద పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఈ పద్ధతికి ఆద్యురాలైన మరియా మాంటిస్సోరి 1907 జనవరిలో రోమ్ నగరంలో, శాన్ లొరెంజో అనే పేద కార్మికుల వాడలో తన మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. 1929లో ఆమె నెలకొల్పిన అంతర్జాతీయ సంఘం ఇప్పటికీ టీచర్లకు శిక్షణ ఇస్తోంది. కానీ ఆ పేరు ఎవరి సొంతమూ కాదని అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు 1967లోనే తేల్చింది. కాబట్టి నాలుగు చెక్క బొమ్మలు, ఒక చాప, లేతరంగు గోడలు చూసి మురిసిపోకండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు ఒకే గదిలో కలిసి ఉన్నారా? ఎవరూ గంట కొట్టి పని ఆపకుండా ఉదయం మూడు గంటల పాటు పిల్లలను వదిలేస్తున్నారా? ప్రతి వస్తువూ గదిలో ఒకటే ఉందా, తలా ఒకటి ఉందా? ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఉదాహరణకు, మాంటిస్సోరి గదుల్లో పిల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు ఘనాల గోపురం గదికి ఒక్కటే ఉంటుంది. మరో బిడ్డ దానితో పని చేసుకుంటుంటే మీ పాప తన వంతు కోసం ఆగాలి. గోడ మీద ‘సహనం’ అని రాయడం కన్నా, అలమరలో ఆ వస్తువును ఒక్కటే ఉంచడానికి ఎక్కువ ఆలోచన కావాలి.

స్వతంత్ర పాఠశాల అంటే ఏం నేర్పాలో, ఎలా నేర్పాలో, ఎవరిని టీచరుగా పెట్టుకోవాలో చాలావరకు తనే నిర్ణయించుకునే బడి. అందుకే ధ్యేయం, విలువలు అని రాసుకునే ఆ పత్రమే దానికి రాజ్యాంగం. అయితే బడి నడిచేది ఎక్కువగా ఫీజుల మీద. సీట్లు నిండకపోతే జీతాలు ఆగుతాయి. ఫీజు కట్టేవాళ్లు గట్టిగా పట్టుబడితే ఆ రాజ్యాంగానికి సవరణలు మొదలవుతాయి. పట్టుబట్టేది ఎవరు? మీరే.

కోపం తెచ్చుకోకండి. ఆటపాటలతో నేర్పుతారని ముచ్చటపడి చేర్పించి, మూడో నెలలో ‘పక్కింటి బాబు వంద దాకా అంకెలు రాస్తున్నాడు, మా పాప ఇంకా కూజాలో నీళ్లు గ్లాసులోకి ఒంపుతోంది’ అని ప్రిన్సిపాల్ గదికి వెళ్లిన తల్లిదండ్రులను ఎంతమందిని చూశానో! అదే తల్లిదండ్రులు రెండేళ్ల తరవాత నా దగ్గరికి వచ్చి ‘ఆ బడి కూడా మారిపోయిందండీ’ అని వాపోతారు. మారక ఏం చేస్తుంది? మొదట ఒక వర్క్‌షీట్ ఇంటికి వస్తుంది, తరవాత వారానికొకటి, ఆ తరవాత మార్కులు. గోడ మీది విలువలు మాత్రం ఏటా రంగు వేయించుకుంటూ అక్కడే ఉంటాయి. మీరు కూడా మూడో నెలలో ఆ గదికి వెళ్లేలా ఉంటే, దయచేసి ఇప్పుడే పెద్ద పాఠశాలలో చేర్పించండి. కనీసం ఆ చిన్న బడి బతుకుతుంది.

బ్రోచర్లలో తరచూ కనిపించే ఒక పరిశోధన గురించి కూడా చెప్పాలి. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అనే ప్రయోగం మొదలైంది. మొత్తం 123 మంది పేద పిల్లలు. కొందరికి మంచి ప్రీస్కూల్ చదువు అందింది, కొందరికి అందలేదు. నలభై ఏళ్ల వయసు దాకా వాళ్లను గమనిస్తే, ఆ బడికి వెళ్లినవాళ్ల సంపాదన ఎక్కువగా ఉంది, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, తెలివితేటల పరీక్షల్లో మొదట కనిపించిన ఆధిక్యం కొన్నేళ్లకే కరిగిపోయింది. అంటే నిలిచింది ఆ పరీక్షల మార్కులు కాదు, మరేదో. ఇంకో సంగతి బ్రోచర్లు చెప్పవు: ఆ టీచర్లు ప్రతి వారం పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లులతో కలిసి కూర్చునేవారు. ఇల్లు వదిలేసి బడి ఒక్కటే సాధించిన విజయం కాదది.

పోల్చమన్నారు కదా. పెద్ద పాఠశాలలో చేరితే మీ పాప ఒకటి రెండేళ్లు ముందుగా చదువుతుంది. చిన్న బడి చెప్పినట్టే నడిస్తే, తన పని తాను ఎంచుకుని పూర్తి చేయడం నేర్చుకుంటుంది. ఈ రెండోది లేని ఇరవై ఏళ్ల పిల్లలు వారంవారం నా ఎదుట కూర్చుని ‘ఏం చదవాలో మీరే చెప్పండి’ అంటున్నారు. వాళ్లలో మార్కులు తక్కువైనవాళ్లు అరుదు.

ఇక శుక్రవారం గడువు. రేపే ఫోన్ చేసి, ఒక పూట తరగతి గదిలో వెనక కూర్చుంటామని రెండు బడులనూ అడగండి. మీవారిని వెంట తీసుకెళ్లండి. మీరు చూసి వచ్చి చెప్తే వాదన మిగులుతుంది, ఆయనే చూస్తే మిగలదు. ఒక బిడ్డ మరో బిడ్డను కొరికితే ఏం చేస్తారో టీచరును అడగండి. ‘మా దగ్గర అలాంటివి జరగవు’ అంటే లేచి వచ్చేయండి, మూడేళ్ల పిల్లలున్న ప్రతి గదిలోనూ జరుగుతుంది. కొరికిన బిడ్డతో ఎలా మాట్లాడతారో చెప్పగలిగితే ‘కరుణ’ అన్న మాట వాళ్లకు అర్థమైనట్టే. బూట్లు తానే వేసుకుంటానని మొండికేసిన బిడ్డ కోసం ఆ గది ఆగుతుందా, ఎవరో వచ్చి టకటకా తొడిగేస్తున్నారా చూడండి. టీచర్లు ఎన్నేళ్లుగా అక్కడ పని చేస్తున్నారో కనుక్కోండి. ఏటా మారిపోతుంటే ఆ విలువలు టీచర్ల దాకా వచ్చాయా అని అనుమానించాలి.

కూర్చోనివ్వం, కానీ శుక్రవారం దాటితే సీటు ఉండదు అనే బడికి ఫీజు కట్టకండి, అది ఏ పద్ధతిదైనా సరే. కూర్చోనిస్తే పిల్లల కుర్చీలే ఇస్తారు, మోకాళ్లు పట్టేస్తాయి. ఫోన్లు బయటే వదిలి లోపలికి వెళ్లండి.