చెవికి రక్తం అందకే తల తిరుగుతోందా?

ప్రశ్న: నా వయసు 57. పదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి, మందులు వాడుతున్నాను. నెల రోజులుగా మంచం మీద కుడి పక్కకు తిరిగినా, పై అరలో వస్తువు కోసం తల ఎత్తినా గదంతా గిర్రున తిరుగుతోంది. కాసేపటికి తగ్గిపోతుంది. ఎడమ చెవిలో ఏడాదిగా సన్నగా హోరు కూడా ఉంది. మెడ ఎక్స్‌రే తీసి ఎముకలు అరిగాయన్నారు. చెవికి రక్తప్రసరణ తగ్గిందని బీటాహిస్టిన్ మాత్రలు ఇచ్చారు. నెల నుంచి వాడుతున్నా తేడా లేదు. రక్తప్రసరణ పెంచే ఇంతకన్నా మంచి మందు ఉందా? ఇది పక్షవాతం రాబోతోందనడానికి సూచనేమోనని టెన్షన్‌గా ఉంది డాక్టర్ గారూ.

జవాబు: పక్కకు తిరిగితే వస్తుంది, తల పైకెత్తితే వస్తుంది, కాసేపటికి ఆగిపోతుంది అని రాశారు. నాకు కావాల్సిన సమాచారం చాలావరకు ఆ మాటల్లోనే ఉంది. ఆ ‘కాసేపు’ నిమిషం లోపే అయి ఉంటుందని నా అంచనా, తిరుగుతున్నప్పుడు మాత్రం ఎంతోసేపు అనిపిస్తుంది. చెవికి రక్తం అందకపోతే మీరు ఏ పక్కకు ఒత్తిగిలినా అందదు. ఫలానా వైపు ఒరిగినప్పుడే వచ్చి, కదలకుండా ఉంటే సర్దుకునే తలతిప్పుకు కారణం చాలావరకు రక్తనాళం కాదు, లోపలి చెవిలో చోటు తప్పిన సున్నపు రేణువులు. దీన్ని బీపీపీవీ అంటారు.

మన శరీరపు బ్యాలెన్స్‌ను కనిపెట్టే భాగం లోపలి చెవిలో ఉంది. అక్కడ జిగురులాంటి పొర మీద కాల్షియం కార్బొనేట్ రేణువులు అతుక్కుని ఉంటాయి. వయసు వల్లో, తలకు దెబ్బ తగిలో, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండానో అవి ఊడి, పక్కనే ఉన్న అర్ధవృత్తాకారపు గొట్టాల్లోకి జారతాయి. మీరు తల కదిపి ఆపేశాక కూడా అవి గొట్టంలోని ద్రవంలో కిందికి దిగుతూనే ఉంటాయి. మీరు ఆగారని కళ్లు, ఇంకా తిరుగుతున్నారని చెవి చెబుతుంటే మెదడు తికమకపడుతుంది.

దీన్ని మాత్రతో తగ్గించలేం. రేణువుల్ని వచ్చిన దారిలోనే వెనక్కి పంపాలి. మొదట డిక్స్-హాల్‌పైక్ పరీక్ష చేస్తారు. బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒక పక్కకు 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి మీ కళ్లు చూస్తారు. కనుగుడ్లు ఒక ప్రత్యేకమైన తీరులో కొట్టుకుంటే సమస్య ఏ చెవిలో ఉందో తెలిసిపోతుంది. మీ విషయంలో బహుశా కుడి చెవి. ఆ వెంటనే అదే బల్ల మీద ఎప్లీ పద్ధతిలో తలను ఒక వరుసలో తిప్పుతూ రేణువుల్ని గొట్టంలోంచి బయటికి జారుస్తారు. తలను అటూ ఇటూ తిప్పితే జబ్బు తగ్గుతుందంటే జాన్ ఎప్లీని తోటి డాక్టర్లే మొదట్లో నమ్మలేదు. 1992లో ఆయన ఫలితాలు ప్రచురించాక మెల్లగా అందరూ ఒప్పుకున్నారు. పది, పదిహేను నిమిషాల పని. ఎక్కువమందికి ఒకటి రెండు సార్లతోనే తగ్గుతుంది. చేసేటప్పుడు ఒకసారి గట్టిగా తిరుగుతుంది, వాంతి వచ్చేలా కూడా ఉండొచ్చు. భయపడి లేచిపోకండి. కొన్నాళ్లకు మళ్లీ వస్తే మళ్లీ చేయించుకోవచ్చు. మెడ అరుగుదల ఉందన్నారు కాబట్టి వీడియో చూసి సొంతంగా మాత్రం చేసుకోవద్దు.

ఆ ఎక్స్‌రే గురించి కూడా ఒక మాట. ఈ వయసులో ఎవరి మెడ ఎక్స్‌రే తీసినా ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది. కనిపించింది కదా అని తలతిప్పును దాని నెత్తిన వేయడం మా వృత్తిలో పాత అలవాటు.

అలాగని చెవికి రక్తప్రసరణ మాట వట్టిదని కాదు. లోపలి చెవికి రక్తం తెచ్చేది ముఖ్యంగా ఒకే ఒక సన్నని నాళం, లాబిరింథైన్ ధమని. మెదడు వెనక భాగానికి వెళ్లే నాళాల నుంచి అది చీలుతుంది. మూసుకుపోతే పక్కదారి ఉండదు. శబ్దాన్ని గ్రహించే కాక్లియా పనిచేయాలంటే దాని గోడలో సన్న రక్తనాళాలు అల్లుకున్న పొర ఎప్పుడూ సుమారు 80 మిల్లీవోల్టుల విద్యుత్తును నిలబెడుతూ ఉండాలి. కంటిలో, కిడ్నీలో చేసినట్టే షుగర్ ఇక్కడి సన్న నాళాలనూ దెబ్బతీయగలదు. కాబట్టి ఎడమ చెవి హోరును కుడిపక్క తలతిప్పుతో కలపకుండా విడిగా చూడాలి. ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించండి. రెండు చెవుల వినికిడిలో చెప్పుకోదగ్గ తేడా ఉంటే ఎంఆర్‌ఐ కూడా అడుగుతారు. వినికిడి నరం మీద అరుదుగా పెరిగే, క్యాన్సర్ కాని గడ్డ లేదని తేల్చుకోవడానికే అది. హోరు పెరిగి, చెవి దిబ్బడేసి, ఇరవై నిమిషాలకు పైగా గంటల తరబడి తల తిరిగితే అది మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు కావొచ్చు, దానికి చికిత్స వేరు.

ఇక మీరు అడిగిన మందు. దెబ్బతిన్న సన్న నాళాలను మళ్లీ తెరిచి చెవిని బాగుచేస్తుందని రుజువైన మాత్ర ఏదీ లేదు. బీటాహిస్టిన్‌ను మెనియర్స్‌కు విరివిగా రాస్తాం, నేనూ రాస్తాను. కానీ 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో తలతిప్పు దాడుల సంఖ్య దీనితోనూ, మందు లేని ఉత్తుత్తి మాత్రతోనూ ఒకేలా తగ్గింది. మీ రేణువుల్నైతే అది కదిలించలేదు. ఆస్తమా, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లు దీన్ని జాగ్రత్తగా వాడాలి. సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి వాంతులు, తిప్పు భరించలేనప్పుడు రెండు మూడు రోజులకే. నెలల తరబడి మింగితే, ముఖ్యంగా పెద్దవయసులో, చేతులు వణకడం, నడక మందగించడం లాంటి పార్కిన్సన్ లక్షణాలు రావచ్చు. జింకో బిలోబా అనే చెట్టు ఆకుల మందు హోరును తగ్గిస్తుందనడానికి సరైన ఆధారం లేదు. పైగా ఆస్పిరిన్ లాంటివి వాడేవాళ్లలో రక్తస్రావం పెరగవచ్చు. సన్న నాళాలకు నిజంగా మేలు చేసేది షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ అదుపే. పొగ అలవాటుంటే అది మానాలి. బీపీ మందు ఎక్కువైనా లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. పడుకున్నప్పుడూ, నిలబడ్డాకా ఒకసారి బీపీ చూపించుకోండి.

పక్షవాతం భయం గురించి. రక్తం అందక వచ్చే ప్రమాదం సాధారణంగా ఇలా తల కదిపినప్పుడల్లా నెలల తరబడి వస్తూ పోతూ ఉండదు, ఉన్నట్టుండి వచ్చి పడుతుంది. తలతిప్పుతోపాటు మాట ముద్దగా రావడం, రెండుగా కనబడడం, ముఖం వంకర పోవడం, కాలో చెయ్యో పట్టు తప్పడం, నిలబడలేకపోవడం, ఎన్నడూ లేని తలనొప్పి, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటల గడువే ఉంటుంది. మెదడు వెనక భాగంలో వచ్చే పక్షవాతం మొదట్లో సీటీ స్కాన్‌కు దొరకకపోవచ్చు, స్కాన్ బాగుందన్నారని ఇంటికి వచ్చేయకండి.

ఇంకొకటి, జనం తేలిగ్గా తీసుకునేది. పొద్దున లేచేసరికి ఒక చెవి వినపడకపోతే గులిమి అనుకుని చుక్కలు వేసుకుంటూ కూర్చుంటారు. అది లోపలి చెవి చెవుడైతే స్టిరాయిడ్ ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. రెండు వారాలు దాటితే ఫలితం బాగా తగ్గిపోతుంది. మాత్రల రూపంలో స్టిరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది కాబట్టి మీలాంటివారికి కర్ణభేరి గుండా నేరుగా చెవిలోకి ఇంజెక్షన్ ఇచ్చే వీలు కూడా ఉంది.

ఈ వారంలోనే ఈఎన్‌టీ డాక్టర్‌ను కలిసి డిక్స్-హాల్‌పైక్ పరీక్ష, ఆడియోమెట్రీ చేయమని అడగండి. బీటాహిస్టిన్ కొనసాగించాలా వద్దా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. ఈలోగా స్టూలెక్కి పై అరలు సర్దకండి, వాహనం నడపకండి. రాత్రి లేవాల్సి వస్తే లైటు వేసుకుని, మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవండి.