సెనేటర్ల మాట సరే, మీరు కొట్టిన టిక్కు సంగతి ఏమిటి?

ప్రశ్న: నేను అమెరికాలోని నార్త్ కరోలినాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. 2016లో సుప్రీంకోర్టు నామినీ మెరిక్ గార్లండ్ వ్యవహారం నడుస్తుండగా ఒక పార్టీ నాయకుల మాటలు నమ్మి, ఆ సెప్టెంబరులో వారి ఎన్నికల ప్రచార కమిటీకి ఆన్‌లైన్‌లో 250 డాలర్లు చందా ఇచ్చాను. 2020లో అమీ కోనీ బారెట్ నియామకం వచ్చేసరికి అదే నాయకులు పూర్తిగా మాట మార్చారు. ఈ విషయమై మా బావగారితో గొడవపడి రెండేళ్లు మాటలు లేవు. మా నాన్నగారు మునసబు కోర్టులో గుమాస్తా. ఒకరి మాట నమ్మి ఇంకొకరు నష్టపోతే, ఆ మాట అన్నవాడు వెనక్కి తగ్గడానికి వీల్లేదని, దాన్ని ఎస్టాపెల్ అంటారని చెప్పేవారు. ఆ లెక్కన మోసం కింద దావా వేయవచ్చా? నా స్నేహితుడు మాత్రం, ‘నా కార్డు ఎవరో వాడారని కమిటీకి రాసెయ్, డబ్బూ వస్తుంది, చందాదారుల జాబితాలోంచి నీ పేరూ పోతుంది’ అంటున్నాడు. 2019లో హెచ్-1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) నుంచి గ్రీన్ కార్డుకు మారాను. ఈ నెలలో పౌరసత్వానికి దరఖాస్తు చేస్తున్నాను. (ఒక పాఠకుడు)

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో బావగారికే రెండు పేజీలు పోయాయి. నాకు పనికొచ్చినవి చివరి రెండు వాక్యాలు. అక్కడికి తర్వాత వస్తాను, ముందు మీరు అడిగినదానికి జవాబు.

మీ పార్టీ పేరు నేను తీసేశాను. ఆ చోట రెండో పార్టీ పేరు పెట్టినా మీ ఉత్తరంలో ఇంకేమీ మార్చనక్కర్లేదు. అమెరికాలో సుప్రీంకోర్టు జడ్జి పదవికి అధ్యక్షుడు ప్రతిపాదించిన వ్యక్తిని, అంటే నామినీని, సెనేట్ ఓటు వేసి ఆమోదించాలి. 2016 ఫిబ్రవరి 13న ఆ కోర్టు జడ్జి జస్టిస్ స్కాలియా చనిపోయారు. పది రోజులకు సెనేట్ జ్యుడీషియరీ కమిటీలోని 11 మంది రిపబ్లికన్ సెనేటర్లు, కొత్త అధ్యక్షుడు వచ్చేదాకా ఏ నామినీనీ విచారించబోమని సంతకాలు చేసి లేఖ ఇచ్చారు. డెమోక్రాట్ అధ్యక్షుడు ఒబామా ప్రతిపాదించిన గార్లండ్ 293 రోజులు వేచి చూశారు. ‘మీ పని మీరు చేయండి, ఓటింగు పెట్టండి’ అని డెమోక్రాట్లు కేకలు వేశారు. 2020 సెప్టెంబరు 18న అదే కోర్టు జడ్జి జస్టిస్ గిన్స్‌బర్గ్ చనిపోయాక పాత్రలు తారుమారయ్యాయి. ఎన్నికలు అయ్యేదాకా ఆగమన్నది ఈసారి డెమోక్రాట్లు. ఆగనిది రిపబ్లికన్లు. పోలింగుకు ఎనిమిది రోజుల ముందు, అక్టోబరు 26న, 52–48 ఓట్లతో, రిపబ్లికన్ అధ్యక్షుడు ట్రంప్ ప్రతిపాదించిన బారెట్ నియామకం ఖాయమైంది. ఎన్నికల వేళ నామినీలను పక్కన పెట్టాలన్న మాట 1992లో సెనేట్‌లో అన్నది అప్పటి డెమోక్రాట్ సెనేటర్ జో బైడెన్. ఎన్నికల ఏడాదిలో ఖాళీ వస్తే తన మాటలనే తన మీద వాడమని 2016లో కమిటీలో చెప్పిన రిపబ్లికన్ సెనేటర్ లిండ్సే గ్రాహమ్, 2020లో అదే కమిటీకి అధ్యక్షుడిగా బారెట్ విచారణ నడిపించారు.

సాక్ష్యానికి ఇంతకంటే ఏం కావాలంటారా? సాక్ష్యం గంపెడు ఉంది. దావాయే లేదు. సభలోనూ కమిటీలోనూ సెనేటర్ అన్న మాటకు అతన్ని ఇంకెక్కడా నిలదీయకూడదని అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోనే ఉంది. మన దగ్గర 105వ అధికరణం ఎంపీలకు ఇచ్చే రక్షణ లాంటిదే. నాన్నగారు చెప్పిన ఎస్టాపెల్ పొలం గట్టు తగాదాలో పనిచేస్తుంది. సెనేటర్ వేసే ఓటును అది కట్టిపడేయలేదు. టీవీలో అన్న మాటలున్నాయి కదా అంటారేమో. రాజకీయ నాయకుడు ముందు ముందు ఏం చేస్తానన్నాడో దాన్ని మోసం కింద రుజువు చేయడం ఎలాగూ కష్టం. పైగా మీ రాష్ట్రంలో మోసం దావాకు గడువు మూడేళ్లు. బయటపడిన రోజు నుంచి లెక్క వేసినా 2023 అక్టోబరుకే తీరిపోయింది. ఇన్నాళ్లూ బావగారితో వాదించారు గాని లాయరు గడప తొక్కలేదు.

గార్లండ్‌కు ఓటింగు పెట్టించమని న్యూ మెక్సికోకు చెందిన ఒక న్యాయవాది 2016లోనే వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టుకు వెళ్లారు. ఓటర్లందరికీ ఉన్న బాధే తప్ప మీకు విడిగా జరిగిన నష్టం ఏదని కోర్టు ఆ నవంబరులో కొట్టేసింది. ఆయన పౌరుడు, ఓటరు. మీకు అప్పుడు ఓటే లేదు.

ఓటే కాదు, చందా ఇచ్చే హక్కూ లేదు. అసలు కేసు ఇదే. ఫెడరల్ చట్టం ప్రకారం పౌరులు, గ్రీన్ కార్డుదారులు తప్ప ఇతర విదేశీయులు ఏ ఎన్నికకూ ఒక్క డాలరు ఇవ్వకూడదు. 2016లో మీరు హెచ్-1బి మీద ఉన్నారు. చందా పేజీలో కార్డు నంబరు కింద, చందా ఇచ్చే అర్హత నాకుందని ఒప్పుకునే ఒక గడి చిన్న అక్షరాలతో ఉంటుంది. దాన్ని చదవకుండా టిక్కు కొట్టారు. అద్దె ఒప్పందంలో ప్రతి పేజీ చదివి సంతకం పెట్టే మనిషి ఇక్కడ ఎందుకు చదవరో నాకు అర్థం కాదు!

250 డాలర్లకు నేరం కింద కేసు నడవదు. కావాలని చేసి, ఏడాదిలో 2,000 డాలర్లకు చేరితేనే ఆ సెక్షను. జరిమానాకు అయిదేళ్ల గడువు, అదీ 2021లో దాటిపోయింది. కానీ పౌరసత్వం ఫారం, ఎన్-400, గడువులు చూడదు. ‘ఎప్పుడైనా అమెరికా పౌరుడినని చెప్పుకున్నారా’ అని అడుగుతుంది. అందుకే ఆ గడి పక్కన ఏం రాసి ఉందన్నదే తేల్చే అంశం. ‘పౌరుడిని లేదా గ్రీన్ కార్డుదారుడిని’ అని ఉంటే ఒక రకం. ‘నేను అమెరికా పౌరుడిని’ అని మాత్రమే ఉంటే అది వేరే కథ. చట్టం కింద ఏదైనా ప్రయోజనానికి పౌరుడినని అబద్ధం చెప్పినట్టు తేలితే పౌరసత్వం మాట అటుంచి, గ్రీన్ కార్డుకే ముప్పు. చందా పేజీలో కొట్టిన టిక్కు దాని కిందికి రాదని వాదించవచ్చు. ఆ వాదన చేయాల్సింది మీ లాయరు, ఇంటర్వ్యూ గదిలో మీరు కాదు.

మీ స్నేహితుడి సలహా జోలికి పోవద్దు. 200 డాలర్లు దాటిన చందా ఇచ్చినవారి పేరు, ఊరు, ఉద్యోగం, కంపెనీ ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. మీ పేరు వెతకండి, పక్కనే మీ కంపెనీ కనిపిస్తుంది. కార్డు ఎవరో వాడారని రాస్తే, తెలియక చేసిన పొరపాటు తెలిసి ఆడిన అబద్ధం అవుతుంది, అదీ మీ సంతకంతో. ఎన్-400లో ఆ సంగతి దాచి పౌరసత్వం తెచ్చుకున్నా, దాన్ని రద్దు చేయమని ప్రభుత్వం సివిల్ దావా వేయడానికి కాలపరిమితే లేదు.

దరఖాస్తు ఈ నెల వేయకండి. పాత ఈమెయిల్‌లో 2016 సెప్టెంబరు నాటి చందా రసీదు వెతకండి. దొరికితే చెరపవద్దు, ఎవరికీ ముందుకు పంపవద్దు. కమిషన్ రికార్డు పేజీని, ఆనాటి హెచ్-1బి ఆమోద పత్రాన్ని ప్రింటు తీసి, మూడూ ఇమిగ్రేషన్ లాయరు ముందు పెట్టండి. చెల్లని చందా అని తెలిసిన 30 రోజుల్లో కమిటీ కోశాధికారి డబ్బు తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఆ లేఖ కూడా లాయరే రాయాలి, ఎందుకంటే అది మీ ఒప్పుకోలు కూడా అవుతుంది. రసీదు దొరక్కపోతే అదే కమిటీ చందా పేజీ 2016లో ఎలా ఉండేదో, పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వెతకవచ్చు. ఆ గడి పక్కనున్న వాక్యాన్ని అక్షరం మార్చకుండా రాసుకుని వెళ్లండి.